మూడవ నంబరు పెట్టె బరువు

2025 ఆగస్టు 2, శనివారం. ఉదయం 7:10

కొత్త నోట్‌బుక్. ఇది తొమ్మిదవది. మొదటి పేజీలో రాయవలసినవి అలవాటు ప్రకారం రాస్తున్నాను. పేరు నుబార్ చిలింగిరియన్. వయసు నలభై ఆరు. వృత్తి అద్దాలు కోయడం, బిగించడం. నేర్పినవారు ఎవరూ లేరు. బేరూత్‌లో, బుర్జ్ హమ్మూద్‌లో, పాత ఇంట్లోనే, మూడవ అంతస్తులో ఉంటున్నాను. ఇంట్లో నలుగురం: నేను, నా భార్య మారాల్, కూతురు నైరీ, మా అమ్మ అజ్నీవ్. అటక మీద పన్నెండు పెట్టెలు.

పెట్టెల గురించి కూడా ఒకసారి రాసిపెట్టాలి. అవి ప్లాస్టిక్ ఇటుకలు పేర్చి కట్టుకునే బొమ్మల సెట్లు. పెద్దవి, సీలు విప్పనివి. కంపెనీ ఒక సెట్‌ను రిటైర్ చేసి తయారీ ఆపేసిన రోజు నుంచి దాని ధర పెరుగుతుంది. సీలు ఉన్నంతవరకే. విప్పితే సగం కూడా రాదు. 2013 నుంచి 2019 వరకు అద్దాల పనిలో మిగిలిన ప్రతి పైసానూ నేను వీటిలోనే పెట్టాను. మారాల్ తమ్ముడు సెవాగ్ అప్పట్లో నన్ను బొమ్మల బాబు అని పిలిచేవాడు. సొమ్మంటే బ్యాంకులో ఉండాలి బావా, అటక మీద కాదు, అనేవాడు. 2019లో బ్యాంకులు తలుపులు మూసుకున్నాక ఆ మాట మానేశాడు. అతని సొమ్ము ఇప్పటికీ లోపలే ఉంది.

ఆగస్టు 4, సోమవారం

ఓడరేవు పేలి ఐదేళ్లు. సాయంత్రం 6:07కి చూసుకుంటే నలుగురం నడవలో నిలబడి ఉన్నాం; రమ్మని ఎవరూ ఎవరినీ పిలవలేదు.

ఆగస్టు 6, బుధవారం. రాత్రి భోజనం తర్వాత

నైరీకి ఫార్మసీలో సీటు వచ్చింది. మొదటి టర్మ్ ఫీజు 2,450 డాలర్లు. గడువు సెప్టెంబర్ 5.

నైరీ ఉత్తరం నా చేతికిచ్చి, ఒక ఏడాది ఆగి చేరతాలే నాన్నా, కొంపేం మునిగిపోదు, అంది. అంటూనే ఉత్తరాన్ని నా చేతిలోంచి మళ్లీ తీసుకుని మడత నలగకుండా పెట్టుకుంది. ఏడాది ఆగడం ఆమెకు ఇష్టం లేదని నాకు అక్కడే అర్థమైంది.

మూడవ నంబరు అమ్ముతానని చెప్పాను. కొండ మీది రైల్వే స్టేషన్. 3,864 ముక్కలు. కొన్నది 2015లో, 310 డాలర్లకు. రిటైర్ అయింది 2017లో. ఇప్పటి ధర, సీలుతో, 2,600. విప్పినదైతే 900. ఈ పెట్టె ఒక్కటీ చాలు. మిగతా పదకొండూ వచ్చే ఏళ్ల ఫీజులకు ఉంటాయి.

అమ్మ గరిటె కింద పెట్టేసింది. మూడోదెందుకురా, ఆ ఏడోది అమ్మరాదూ, ఓడ బొమ్మది, దాన్ని చూస్తేనే నాకు వాంతొస్తుంది, అంది.

అమ్మకు నా పెట్టెల నంబర్లు తెలుసని నాకు ఇవాళే తెలిసింది.

ఆగస్టు 9, శనివారం

కువైట్ నుంచి హుస్సా గారి వాయిస్ మెసేజ్. ఆవిడ పళ్ల డాక్టరు. ఇంట్లో ఒక గది నిండా ఇవే పెట్టెలట. ఇంతవరకు నా దగ్గర ఏమీ కొనలేదు, కానీ సేకరణదారుల గ్రూపులో నన్ను ఎరుగుదురు. ఆ గ్రూపులో 340 మంది ఉన్నాం. ఎవరైనా విప్పి మళ్లీ అతికించిన పెట్టెను కొత్తదని అమ్మబోతే ఫొటోలు నాకు పంపుతారు. ఇప్పటికి పంతొమ్మిది పట్టుకున్నాను. సీలు అంచున జిగురు మెరుపు, అట్ట పొర లేవడం, బరువులో తేడా. గాజుకు పగులు ఎక్కడ మొదలైందో చూసే కన్నుకు ఇది పెద్ద పని కాదు.

ఆవిడ మాట గరుకుగా, సరదాగా ఉంది. ఉస్తాద్, అందరి దొంగతనాలూ పట్టుకునేవాడివి, నీ పెట్టెను నువ్వే చూసి చెప్పు, నాకిక వేరే పరీక్ష అక్కర్లేదు. సీళ్ల ఫొటోలు నాలుగు, త్రాసు మీద ఫొటో ఒకటి పంపు. 2,600కి బేరం ఆడను, ఆడితే నా పళ్లూడిపోవాలి, అన్నారు. ఇరవయ్యో తేదీన ఆవిడ తమ్ముడు బేరూత్ వస్తాడు, డబ్బిచ్చి పెట్టె తీసుకెళతాడు.

ఆగస్టు 10, ఆదివారం. మధ్యాహ్నం

మూడవ నంబరు దించాను. 2021 జనవరిలో పెట్టెలన్నింటినీ చివరిసారి తూచి, దుమ్ము పట్టకుండా నల్లటి ప్లాస్టిక్ షీటులో చుట్టి పెట్టాను. అప్పుడు అన్ని బరువులూ గ్రాము తేడా లేకుండా సరిపోయాయి. ఆ తర్వాత విప్పలేదు.

ఇవాళ షీటు విప్పితే మడతలో చచ్చిన పురుగులు ఏడు. గోధుమలు, పప్పుల్లో కనిపించే ముక్కు పురుగులు. పెట్టె మూల దగ్గర చిటికెడు తెల్లటి పొడి.

అటక వంటింటి పక్కనే ఉంది కాబట్టి అక్కడి నుంచి వచ్చి ఉంటాయని అనుకున్నాను. కానీ షీటు బయట ఒక్కటీ లేదు.

ఆగస్టు 11, సోమవారం. ఉదయం 6:00

సీళ్లు నాలుగూ లాంతరు వెలుగులో చూశాను. దోషం లేదు.

బరువు. 2015లో కొన్నప్పుడు 5,940 గ్రాములు. 2021లో 5,940. ఇవాళ 5,929. మూడుసార్లు తూచాను. అటక తలుపు మీద అతికించిన జాబితాలో ప్రతి పెట్టె పక్కన దాని బరువు ఉంటుంది. మిగతా పదకొండూ దించి తూచాను. అన్నీ సరిగా ఉన్నాయి.

చివరికి పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని పక్కకు వంచాను. విప్పని పెట్టెలో ముక్కలు సంచుల్లో ఉంటాయి. సంచులు ఒకదాని మీద ఒకటి జారిన శబ్దం రావాలి. ఇందులో వాన శబ్దం వచ్చింది.

ఆగస్టు 12, మంగళవారం. ఉదయం

ఏడు పురుగులనూ కాగితంలో పెట్టి అమ్మ ముందుంచాను. అమ్మ ద్రాక్షాకులు చుడుతోంది. తలెత్తకుండా, పొద్దున్నే పురుగుల్ని తెచ్చి నా ముందు పెడతావేంరా, నేనేమన్నా కన్నానా వాటిని, అంది. ఆ తర్వాత చేయి ఆపింది. గోధుమ నూకను జల్లెడ పట్టి పోయాల్సింది, తొందరలో చూసుకోలేదు, అంది.

ఏ నూక అని అడిగాను.

అంతా చెప్పింది. చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను.

ఐదేళ్ల క్రితం, పేలుడు జరిగిన వారం. మా కిటికీలన్నీ ఊడిపోయాయి. నైరీకి పన్నెండేళ్లు. ఇంట్లో కిటికీ లేని చోటు నడవ ఒక్కటే. యుద్ధం రోజుల్లో అమ్మ నన్ను పెట్టుకుని కూర్చున్నదీ అక్కడే. నైరీ అక్కడ పరుపు వేసుకుని ఇక లేవలేదు. అన్నం అక్కడే, నిద్ర అక్కడే. గాజు గ్లాసులో నీళ్లిస్తే తాగలేదు, స్టీలు చెంబులో ఇవ్వాల్సి వచ్చింది. నలభై మూడు రోజులు.

నువ్వు తెల్లారకముందే వెళ్లిపోయేవాడివి, అంది అమ్మ, ఊళ్లో వాళ్లందరి కిటికీలు బాగుచేయడానికి. మారాల్‌ని హాస్పిటల్ డ్యూటీలోంచి వదిలేవాళ్లు కాదు. పిల్ల చేతులు వణికేవిరా. దాన్ని మాటలతో ఊరుకోబెట్టలేను, దానికి చేతులకు పని కావాలి అనుకున్నాను. నీ చిన్నప్పుడు బాంబులు పడుతుంటే నా కుట్టుపని బొత్తాల డబ్బా నీ ఒళ్లో పెట్టేదాన్ని, గుర్తుందా? రంగు రంగుకీ కుప్ప పోసి, లెక్క పెట్టి, నాకు చెప్పేవాడివి. మిషను అమ్మేసినప్పుడు బొత్తాలూ ఇచ్చేశాను. పైన చూస్తే పన్నెండు డబ్బాలున్నాయి.

ఏది కావాలో నైరీనే చూపించమందట. నైరీ మూడవదాన్ని చూపించింది. ఎందుకో నేను అడగకముందే అమ్మ చెప్పింది: ఆ స్టేషన్ కిటికీలకు అద్దాలు లేవురా, ఉత్త కమానులే.

సీలును మైనం పట్టిన కుట్టు దారంతో కిందినుంచి కోసి తీసిందట. రోజూ నేను ఇల్లు చేరేలోపు కట్టినదంతా తన మంచం కిందికి తోసేసేదట. తిరిగి తుమ్మ జిగురుతో అతికించింది. లోపలి ప్లాస్టిక్ సంచులన్నీ చిరిగిపోయాయి, పారేయాల్సి వచ్చింది. నువ్వు తూస్తావని నాకు తెలుసు, అటక తలుపు మీద నువ్వే రాసి పెట్టావుగా ఎంతుండాలో, అంది. నా త్రాసు మీదనే తూచి, తక్కువ పడిన బరువుకు సరిగ్గా గోధుమ నూక కొలిచి, పాత దిండు గలీబు కత్తిరించి సంచి కుట్టి, లోపల పెట్టింది.

పంతొమ్మిది పెట్టెలు పట్టుకున్నాను. ఇంత మంచి పని వాటిలో ఒక్కదానిలోనూ చూడలేదు. ఆ మాట అమ్మకు చెప్పాను కూడా. అమ్మ, నలభై ఏళ్లు పెళ్లి గౌన్లు కుట్టినదాన్ని, నాకిది ఒక లెక్కా, అంది. అని ఏడ్చింది.

అదే రోజు, సాయంత్రం

మారాల్‌ని అడిగాను. తెలుసంది. చెప్పలేదేమని అడిగితే, ఏ రోజు చెప్పమంటావు, నువ్వు ఇంటికొచ్చేసరికి నీ చొక్కా నిండా గాజు పొడి, పిల్ల భయపడి నీ దగ్గరికి రాకపోతే అలిగిందనుకునేవాడివి, అంది.

ఇంట్లో నలుగురం. ముగ్గురికి తెలుసు.

ఆగస్టు 13, బుధవారం

2020 నోట్‌బుక్ తీశాను. ఆగస్టు 5 నుంచి అక్టోబర్ చివరి వరకు ప్రతి రోజుకూ ఒక పేజీ. వీధి, అంతస్తు, ఇంటి యజమాని పేరు, పొడవు, వెడల్పు, మందం. మొత్తం 1,146 అద్దాలు. ప్రతి పేజీ చివర ఒకే వాక్యం, అదే దస్తూరీలో: ఇంట్లో అందరూ క్షేమం.

ఆ నలభై మూడు పేజీలూ చదివాను. నైరీ పేరు ఒక్కచోటా లేదు.

ఆగస్టు 14, గురువారం

సెవాగ్ వచ్చాడు. అక్క చెప్పినట్టుంది. కుర్చీ తిరగేసి కూర్చుని, బావా, నువ్వే పట్టుకోలేని సీలును కువైట్‌లో పళ్లు పీకే ఆవిడ పట్టుకుంటుందా? పదకొండు గ్రాములు! అంటే ఎంత, రెండు చెంచాల పంచదార. త్రాసు తేడా అని చెప్పు. అసలు ఆవిడ విప్పనే విప్పదుగా, చచ్చేదాకా అల్మారాలో పెట్టుకుని చూసుకుంటుంది, అన్నాడు. ఇంకా, నా సొమ్ము మింగినవాళ్లెవరూ నాకు సారీ చెప్పలేదు, నీతి మనకొక్కరికేనా, అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని ముఖంలో నవ్వు లేదు. నాకు అతని మీద కోపం రాలేదు.

అతను వెళ్లాక హుస్సా గారికి ఒక సందేశం టైపు చేశాను. నాలుగు సీళ్లూ పరీక్షించాను, దోషం కనిపించలేదు, బరువు 5,929. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంత జాగ్రత్తగా కట్టిన వాక్యం నేను ఈమధ్య రాయలేదు. ఫొటోలు ఐదూ జత చేశాను.

పంపలేదు. చెరపనూ లేదు.

ఆగస్టు 15, శుక్రవారం

ఏమీ రాయాలని లేదు. జెనరేటర్ బిల్లు కట్టాను.

ఆగస్టు 17, ఆదివారం

చర్చిలో ద్రాక్షపళ్ల దీవెన. ఏ ఏడాదైనా ఈ దీవెన అయ్యేదాకా అమ్మ ద్రాక్ష నోట పెట్టదు. ఇంటికి వచ్చి ప్రసాదపు గుత్తిని మా ముందు పెట్టి, తాను మాత్రం తీసుకోలేదు. ఎందుకని నైరీ అడిగితే, మీ నాన్న నోట్లోంచి మాట వస్తే తింటాను, ఐదు రోజులుగా నన్ను అద్దంలోంచి చూసినట్టు చూస్తున్నాడు, అంది.

అమ్మ మీద కోపం లేదని చెప్పాను. నిజంగానే లేదు. నాకు చెప్పడం రాని మాట వేరే ఉంది. నైరీ వైపు తిరిగి, నలభై మూడు రోజులు నువ్వు అక్కడ ఉంటే నేను ఎక్కడో ఉన్నాను, అన్నాను. ఇంకా ఏదో అనబోయాను.

నైరీ పండు నములుతూ, నువ్వు కిటికీలు పెడుతున్నావు నాన్నా, అంది. నానమ్మ రోజూ చెప్పేది. మీ నాన్న ఇవాళ ఇరవై పెట్టాడు, ఇవాళ పదిహేడు పెట్టాడు, ఊళ్లో అన్నీ అయిపోయాక నువ్వు బయటికి రావచ్చు అనేది. నేను స్టేషన్ కడుతూ లెక్కపెట్టుకునేదాన్ని. వెయ్యి దాటాక వస్తానని నానమ్మతో పందెం కాశాను. ఏడొందల తొంభైకే వచ్చేశాను, ఓడిపోయాను.

అమ్మకు అంకెలు ఎవరు చెప్పారని అడిగాను. నువ్వు నిద్రపోయాక నీ పుస్తకం చూసేదాన్నిరా, పేజీకొక వరస, లెక్కపెట్టడం నాకూ వచ్చు, అంది.

అమ్మ ద్రాక్ష తినడం మొదలుపెట్టాక నేను లేచి, ఆ పాత సందేశం చెరిపి, హుస్సా గారికి కొత్తది రాశాను. పెట్టె విప్పినది. విప్పినది మా అమ్మ, పేలుడు తర్వాత నడవలోంచి లేవని మా పాప కోసం; అది నాకు చెప్పి ఏడ్చింది. లోపల గోధుమ నూక ఉంది. పురుగులు ఏడు. ఫొటో కూడా జత చేశాను. బేరం రద్దు చేసుకుంటున్నాను, క్షమించండి.

పంపాను. మధ్యాహ్నం 1:25.

ఆగస్టు 18, సోమవారం

జవాబు లేదు.

ఆగస్టు 19, మంగళవారం

జవాబు లేదు. మిగతా పెట్టెల ధరలు చూశాను. నాలుగు కలిపితే ఫీజు వస్తుంది. కానీ ఇంత తక్కువ రోజుల్లో నాలుగింటికి కొనేవాళ్లను వెతకాలి. పైగా ఇప్పుడు నా ఇంట్లోంచి వచ్చిన పెట్టెను ఎవరు నమ్ముతారు?

ఆగస్టు 20, బుధవారం. ఉదయం 11:00

హుస్సా గారి వాయిస్ మెసేజ్, నాలుగు నిమిషాలది. మొదటి నిమిషమంతా నవ్వే. తర్వాత, నీ మీద చాలా కోపం వచ్చింది ఉస్తాద్, ఆ స్టేషన్ కోసం అల్మారాలో చోటు ఖాళీ చేసి పెట్టుకున్నాను, రెండు రోజులు నీతో మాట్లాడొద్దనుకున్నాను, అన్నారు. తర్వాత, మా అమ్మకు చదివి వినిపించాను, పిల్లకు బొమ్మ తీసిచ్చినందుకు ఆ ముసలావిడ చేత కన్నీళ్లు పెట్టించాడా, వాడిదేం ఘనతే, అని నన్ను తిట్టింది, అన్నారు.

చివరికి విషయం. విప్పినది నాకొద్దు, నేను సీలున్నవే కొంటాను, అది నా పిచ్చి. మిగతా పదకొండులో ఏవి అమ్ముతావో చెప్పు. పురుగుల సంగతి దాచనివాడు మిగతావాటి గురించి నాకు అబద్ధం చెప్పడు. ఫొటోలు వద్దు, త్రాసూ వద్దు. మీ అమ్మగారు వాటిని ముట్టుకోలేదని మాత్రం ఆవిడ చేతే చెప్పించు.

అమ్మ ఫోను నోటికి దగ్గరగా పట్టుకుని అరిచినట్టు చెప్పింది: ముట్టుకోలేదమ్మా, ఒట్టు, మిగతా వాటన్నిటికీ కిటికీలున్నాయి.

సాయంత్రం 5:00

ఆవిడ తమ్ముడు వచ్చి నాలుగు పెట్టెలు తీసుకెళ్లాడు. రెండు, ఐదు, ఏడు, పదకొండు. మొత్తం 2,380. వెంటనే అమ్మితే ఇంతకంటే రాదు. తక్కువ పడిన డెబ్బైకి ఈ వారం రెండు షాపు అద్దాల పని ఉంది. వచ్చే ఏళ్ల ఫీజులకు ఏడు పెట్టెలు మిగిలాయి. చాలవు. చూడాలి.

ఏడవ నంబరు గడప దాటుతుంటే అమ్మ, పీడ వదిలింది, అంది.

ఆగస్టు 23, శనివారం

మూడవ నంబరు నేనే విప్పాను. విప్పిన సెట్‌గానైనా అమ్మాలంటే ముక్కలన్నీ ఉన్నాయని తేల్చాలి, తేలాలంటే కట్టి చూడాలి. కట్టడం ఎక్కడ అని నైరీని అడిగాను. అదేం ప్రశ్న అన్నట్టు నడవ వైపు చూసింది.

లోపల దిండు గలీబు సంచి. నీలం పూలు. కుట్టు ఎంత సన్నగా ఉందంటే విప్పడానికి మనసు రాలేదు. నూక చాలావరకు పొడి అయిపోయింది.

ముక్కలు రంగులవారీగా కుప్పలు పోశాను. అమ్మ చూసి, నలభై ఏళ్లయినా వీడు మారలేదు, అని మారాల్‌తో అంది.

ఆగస్టు 24, ఆదివారం

కమానులు. 212 ముక్కలు. నైరీ బొమ్మల పుస్తకం చూడకుండానే పెడుతోంది.

ఆగస్టు 28, గురువారం

నేను ఒక గోడ తప్పుగా కట్టాను. నైరీ విప్పించింది. నాన్నా, నువ్వు లెక్కపెట్టు, కట్టడం మాకొదిలెయ్, అంది. లెక్కపెట్టాను.

సెప్టెంబర్ 3, బుధవారం. సాయంత్రం

స్టేషన్ పూర్తయింది. ప్లాట్‌ఫాం మీద ఆరు దీపస్తంభాలకు గుంటలు ఉన్నాయి. దీపాలు ఐదే. 3,863. రెండుసార్లు లెక్కపెట్టాను, పరుపుల కింద వెతికాను, జల్లెడతో నూక పొడి కూడా జల్లించాను. పసుపు రంగుది, చిటికెన వేలి గోరంత.

నైరీ లోపలికి వెళ్లి తన తాళాల గుత్తి తెచ్చింది. గుత్తికి ఆ దీపం వేలాడుతోంది. నేను రోజూ చూస్తున్న తాళాలే. నడవలోంచి బయటికి వచ్చిన రోజు ఇది పిడికిట్లో పట్టుకుని వచ్చాను, మళ్లీ లోపల పెట్టలేకపోయాను, నానమ్మ దాని బదులు కూడా నూక పోసింది, అంది. ఊడదీసి గుంటలో పెట్టబోయింది.

పూర్తి సెట్ 900. ఒక్క ముక్క తక్కువైతే అడిగేవాళ్లు 700 కూడా ఇవ్వరు. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు ఈ ఊళ్లో లేరు.

ఉంచుకో అన్నాను.

సెప్టెంబర్ 5, శుక్రవారం

ఫీజు కట్టాను. రసీదు ఈ పేజీకి అతికించాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

మూడవ నంబరు. కొండ మీది రైల్వే స్టేషన్. ముక్కలు 3,864. ఉన్నవి 3,863. ఒకటి నైరీ దగ్గర. ఉన్న చోటు: నడవ, వంటింట్లోకి వెళ్లాలంటే అందరూ పక్కకు తిరిగి నడవాలి. బరువు: తూచలేదు.